హవాయి అడవిలోకి పోయే ముందు బూట్లకు స్పిరిట్ ఎందుకు కొట్టమంటారు?

నర్సంపేట నుంచి ఒక అన్న అడిగారు. బిడ్డ హోనొలులులో ఉంటుంది. అక్కడ కొండ మీదికి నడకకు పోతే దారి మొదట్లోనే బూట్ల అడుగు బ్రష్‌తో రుద్దుకొమ్మని, ఆ తర్వాత స్పిరిట్ కొట్టుకొమ్మని బోర్డు ఉందట. వచ్చే నెల ఈయన కూడా పోతున్నారు. "చుట్టూ అంత సముద్రం పెట్టుకున్న దీవికి పురుగులు, తెగుళ్లు ఎట్ల చేరుతయి? చేరినా అడవి అంత పెద్దది, ఒక పురుగు ఏం చేస్తది? నా బూట్లతోని అడవి చస్తదా? పోయేటప్పుడు బిడ్డకు కరివేపాకు, ఒక మామిడి అంటు తీసుకపోవచ్చా?" ఇవీ ప్రశ్నలు.

నా ఉద్యోగమంతా మొక్కల పురుగులు, తెగుళ్ల మీదే గడిచింది. ఇప్పుడు హనుమకొండలో ఇంటి పట్టునే ఉన్నాను కాబట్టి కొంచెం విడమరిచే రాస్తాను. ఆఖరి ప్రశ్నకు మాత్రం జవాబు ముందే చెప్తున్నా. అన్నా, మామిడి అంటు వద్దు. కరివేపాకు అసలే వద్దు. ఎందుకో చివర్లో వస్తుంది.

హవాయి సంగతి తర్వాత, ముందు మీ పెంటకుప్ప దగ్గరికి పోదాం. ఎండాకాలం చివర్లో చెల్కకు తోలడానికి పెంట తవ్వుతుంటే బొటనవేలంత లావున తెల్లటి పురుగులు కొడవలిలా వంగి బయటపడతాయి కదా. తల గోధుమరంగులో గట్టిగా ఉంటుంది, వెనక భాగంలో కడుపులోని ఎరువు పైకి నీలంగా కనిపిస్తుంటుంది. అన్నీ ఒకటే జాతి కావు గానీ వాటిలో కొన్ని కొమ్ము పురుగు పిల్లలు. పెద్దదయ్యాక అదే నల్లగా నిగనిగలాడుతూ, ముక్కు మీద కొమ్ముతో, రాత్రి లైటుకు వచ్చి గోడకు టపటపా కొట్టుకుంటుంది. కొబ్బరి, తాటి, ఈత చెట్ల మొవ్వులోకి తొలుచుకుపోయి లేత ఆకును నములుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చూడండి, కత్తెర పట్టి త్రికోణాలుగా కత్తిరించినట్టుంటుంది. గీత పని చేసేవాళ్లకు ఇది బాగా ఎరుక.

మరి దీన్ని చూసి మన దగ్గర ఎవరైనా గుండెలు బాదుకున్నారా? లేదు. నష్టం లేక కాదు, కొబ్బరి తోటలున్నవాళ్లను అడిగితే చెప్తారు. కానీ దానికి ఇక్కడ పుట్టినప్పటి నుంచి శత్రువులున్నారు. పెంట తవ్వితే కాకులు, కొంగలు ట్రాక్టర్ వెనకే నడుస్తాయి. పందులు తవ్వుకు తింటాయి. మెటారైజియం అని ఒక బూజు ఉంది, అది పట్టిన పురుగు మొదట సుద్దముక్కలా గట్టిపడి తర్వాత పాచి పట్టినట్టు పచ్చగా అయిపోతుంది. పెంటకుప్పలో అలాంటిది నేను ఎన్నోసార్లు చేత్తో తీసి చూశాను. పైగా ఆ పురుగుకే వచ్చే ఒక వైరస్ ఉంది. ఇన్నిటి మధ్య బతికి బయటపడేవి ఏవో కొన్ని.

ఈ మన కొమ్ము పురుగు 1909లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు చేరింది. ఈదుకుంటూ పోలేదు, ఎగురుకుంటూ పోలేదు. సిలోన్ నుంచి రబ్బరు మొక్కలు ఓడలో పంపితే వాటితో పాటు దిగింది. అక్కడ కొబ్బరి చెట్టే జీవనాధారం. దాన్ని పట్టి ఉంచే వైరస్ అక్కడ లేదు. అరవై ఏళ్లు పసిఫిక్‌లో దీవి తర్వాత దీవి నష్టపోయాక, 1963లో మలేషియాలో ఆ వైరస్‌ను గుర్తించి, 1967లో సమోవాకు తీసుకెళ్లి వదిలితే అప్పుడు ఉధృతి తగ్గింది. కథ కంచికి చేరిందనుకున్నారు. 2007లో గువామ్ దీవిలో మళ్లీ కొమ్ము పురుగు బయటపడింది. పాత వైరస్ వదిలి చూస్తే దీనికి చీమ కుట్టినట్టు కూడా లేదు. జాతి అదే, రకం వేరు. 2015లో డాల్ఫిన్ తుఫాను గువామ్‌ను కొట్టినప్పుడు కూలిన కొబ్బరి మానులన్నీ కుళ్లి దీనికి పెంటకుప్పలయ్యాయి. ఇదే రకం 2013లో మీ బిడ్డ ఉండే ఓఆహు దీవిలో, పెర్ల్ హార్బర్ పక్కన దొరికింది. ఇప్పుడు అక్కడ కొబ్బరి చెట్లతో పాటు, ప్రపంచంలో ఇంకెక్కడా లేని లౌలు అనే వాళ్ల సొంత తాటి జాతి చెట్లనూ తొలుస్తోంది.

అంటే మీరు "ఒక పురుగు ఏం చేస్తది" అన్న పురుగు మీ ఇంటి వెనకదే అన్నా.

ఇప్పుడు సముద్రం సంగతి. హవాయి నుంచి దగ్గరి ఖండం దాదాపు 3,800 కిలోమీటర్లు. మనుషులు రాకముందు అక్కడికి ఒక కొత్త పురుగు చేరి నిలదొక్కుకోవాలంటే గాలివాన, పక్షి ఈక, కొట్టుకొచ్చిన మాను, ఇలా ఏదో కలిసిరావాలి. అది వేల ఏళ్లకోసారి జరిగే మాట. అలా వచ్చిన కొద్ది జాతుల నుంచే అక్కడి అడవి మొత్తం తయారైంది. పశువులు లేవు, పందులు లేవు, సగం తెగుళ్లు లేవు. ముళ్లు, చేదు, విషం అక్కర్లేకుండానే చెట్లు లక్షల ఏళ్లు పెరిగాయి. మన తుమ్మ, రేగు చెట్లను చూడండి, మేకలతో ఎన్ని యుగాలు కొట్లాడాయో వాటి ముళ్లే చెప్తాయి. దీవి చెట్టుకు ఆ కొట్లాట తెలియదు. ఇంకో సంగతి, అక్కడ జాతులు తక్కువ. ఏటూరునాగారం అడవిలో టేకుకు ఏదైనా వస్తే పక్కన మద్ది ఉంది, ఇప్ప ఉంది, తునికి ఉంది, వెదురు ఉంది. హవాయి సహజ అడవిలో దాదాపు 80 శాతం ఒకే చెట్టు. దాని పేరు ఓహియా.

మీ బూట్ల కథ ఈ ఓహియాదే. ఇది మన నేరేడు, జామ, నీలగిరిల కుటుంబం చెట్టు. బాటిల్ బ్రష్ పూల లాంటి ఎర్రటి కుచ్చులు పూస్తుంది. అగ్నిపర్వతం లావా చల్లారి రాయి అయితే, ఆ రాతి సందులో మొట్టమొదట మొలిచే చెట్లలో ఇదొకటి. 2010 ప్రాంతంలో హవాయిలోని అన్నిటికన్నా పెద్ద దీవిలో, పూనా వైపు జనం గమనించారు. నిన్నమొన్నటి దాకా పచ్చగా ఉన్న చెట్టు మొత్తం కొన్ని వారాల్లోనే గోధుమరంగుకు తిరిగి ఎండిపోతోంది, ఆకులు రాలను కూడా రాలవు. అలాంటి చెట్టును నరికి మొద్దును అడ్డంగా కోస్తే బెరడు వైపు నుంచి లోపలికి నల్లటి చారలు కనిపిస్తాయి, సైకిల్ చక్రం పుల్లల్లా. నీళ్లు మోసే గొట్టాలన్నీ బూజుతో మూసుకుపోయాయన్నమాట. 2014లో దాన్ని సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రంగా గుర్తించారు. దానిమ్మ తోటలున్నవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది, దానిమ్మ ఎండు తెగులు తెచ్చేది ఇదే జాతి. 2018 వచ్చేసరికి తేలిందేమిటంటే హవాయిలో ఉన్నది ఒకటి కాదు, రెండు కొత్త శిలీంధ్రాలు. ఒకటి గబగబా చంపుతుంది, రెండోది మెల్లగా. మొదటిదాని చుట్టాలు లాటిన్ అమెరికాలో, రెండోదాని చుట్టాలు ఆసియా, ఆస్ట్రేలియా వైపు. అంటే రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే చెట్టు మీద పడ్డాయి. ఇప్పటికి పది లక్షలకు పైగానే ఓహియా చెట్లు పోయాయంటారు.

ఈ శిలీంధ్రం చెట్టులోకి దూరాలంటే గాయం కావాలి. కత్తి గాటు, గడ్డి కోసే మిషన్ తగిలిన దెబ్బ, పంది కోర గీరిన చోటు, గాలికి విరిగిన కొమ్మ, ఏదైనా చాలు. జబ్బు చెట్టును చిన్న చిన్న పెంకుపురుగులు తొలుస్తాయి, ఆ రంధ్రాల నుంచి రాలే పిండి చెట్టు మొదలు దగ్గర కుప్పపడుతుంది. ఆ పిండిలో శిలీంధ్రం బతికే ఉంటుంది. గాలికి లేస్తుంది, మట్టిలో కలుస్తుంది, బూటు అడుగు గాళ్లలో ఇరుక్కుంటుంది. ఆ బూటు వారం తర్వాత ఇంకో దీవి అడవిలో, పడిపోయిన చెట్టు వేరు మీద కాలేస్తుంది. ఆ వేరు బెరడు చెక్కుకుపోయి ఉంటే పని అయిపోయినట్టే. ఓఆహులో మెల్లగా చంపే రకం 2019లో దొరికింది. వేగంగా చంపేదాన్ని రానివ్వకూడదని వాళ్ల తాపత్రయం. అందుకే ముందు బ్రష్ (మట్టి ఉంటే స్పిరిట్ లోపలికి దిగదు కాబట్టి బ్రష్ తప్పనిసరిగా ముందు), ఆ తర్వాత 70 శాతం స్పిరిట్. మీ ఒక్కరి బూట్లతో అడవి చావదు, నిజమే. ఏటా ఆ కొండలెక్కే జనం లక్షల్లో ఉంటారు, ఎవరి బూటుకు ఉందో కంటికి కనిపించదు.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. నా ఉద్యోగంలోనూ ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. దిగుమతి తనిఖీ అంటే మామూలుగా ఒక జాబితా. ఫలానా పురుగు, ఫలానా తెగులు లోపలికి రాకూడదు అని. ఆ జాబితాలో పేరు ఉండాలంటే ముందు ఎవరో దాన్ని గుర్తించి, చెడ్డదని తేల్చి ఉండాలి. ఓహియాను చంపే శిలీంధ్రాలకు పేరు పెట్టిందే అవి అడవిలో పడి ఏళ్లు గడిచాక. విలివిలి చెట్టు సంగతి ఇంకా అన్యాయం. మన మోదుగలాగా ఆకులన్నీ రాల్చేసి పూస్తుంది అది, హవాయి ఎండు అడవుల చెట్టు. దాని ఆకులను బుడిపెలు బుడిపెలుగా చేసి చంపే పిసరంత కందిరీగకు శాస్త్రం పేరు పెట్టింది 2004లో. హవాయిలో దిగింది 2005 ఏప్రిల్‌లో. కొన్ని నెలల్లో దీవులన్నీ చుట్టేసింది. సొంత ఊళ్లో చడీచప్పుడు లేకుండా బతికే పురుగు గురించి ఎవరు పరిశోధన చేస్తారు? దాని శత్రువులు దాన్ని నొక్కి ఉంచినంతకాలం అది ఎవరి కంటా పడదు. పొలిమేర దాటాకే దాని సత్తా తెలిసేది.

కాబట్టి నా లెక్కలో దొంగ పేరు వెతకడం కన్నా దొంగ ఎక్కి వచ్చే బండిని పట్టుకోవడం మేలు. ఆ బండ్లు కొన్నే. మట్టితో ఉన్న బతికిన మొక్క, బెరడున్న పచ్చి చెక్క, మట్టి అంటిన సామాను. పండ్ల పెట్టె కూడా బండే గానీ వీటంత ప్రమాదం కాదు.

చెక్క విషయంలో ప్రపంచం ఈ పని కొంత చేసింది. ఎప్పుడైనా మిషన్ల షోరూం వెనక పడేసిన దిగుమతి చెక్క పెట్టెలు, ప్యాలెట్లు చూడండి. పక్కన కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. ఒకవైపు గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం అక్షరాలు, కింద హెచ్‌టీ అనో ఎంబీ అనో. హెచ్‌టీ అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించారని. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం ఇది. ఇందులో నాకు నచ్చేది ఒకటే, లోపల ఏ పురుగుందని అడగదు. పేరున్నదైనా లేనిదైనా వేడి అందరికీ సమానమే.

బతికిన మొక్కను అలా ఉడకబెట్టలేం, అక్కడే వస్తుంది తంటా. గువామ్ అడవిలో 2002 నాటి లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఫదాంగ్ అనే సైకాడ్ చెట్టు (చూడ్డానికి ఈత చెట్టులా ఉంటుంది). మరుసటి ఏడు హోటళ్ల ముందు అందానికి నాటిన సైకాడ్ మొక్కల మీద థాయిలాండ్ వైపు నుంచి బయల్దేరిన పొలుసు పురుగు కనిపించింది. అక్కడి నుంచి అడవిలోకి పాకింది. 2006 కల్లా ఆ చెట్టు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరిపోయింది. నాలుగేళ్లు. అడవిలో అన్నిటికన్నా ఎక్కువున్న చెట్టుకు!

నాకూ ఒక దెబ్బ తగిలింది, చెప్పుకుంటే సిగ్గు. మా బావమరిదికి రెండెకరాల్లో జామ పెట్టిద్దామని నేనే దగ్గరుండి బయటి నర్సరీ నుంచి లారీలో మొక్కలు తెప్పించాను. నర్సరీ పేరు అనవసరం. ఆకులు చూశాను, కాండం చూశాను, అంటు కట్టిన చోటు చూశాను. ఉద్యోగమంతా పది మందికి చెప్పిన నేను, ఒక్క సంచీ చింపి వేరు చూడలేదు. రెండో ఏడు చెట్లు ఎరుపెక్కి వాడిపోతుంటే ఒకటి పీకాం. వేరు నిండా అల్లం కొమ్ముల్లా బుడిపెలు. వేరుబుడిపె నులిపురుగు, సంచీ మట్టిలోనే వచ్చింది. మా బావమరిది ఒక్క మాట కూడా అనలేదు, అదే బాధ. మూడు చెట్లు పీకి గెట్టు మీద పెట్టి, "పండ్లు కాయకున్నా అల్లం కాసింది కదా మామా" అన్నాడు మా చెల్లె కొడుకు. ఇప్పుడు ఆ చెల్కలో జామ మళ్లీ వేయలేం.

దీవుల గోల మనకెందుకని కొందరు అడగవచ్చు. దీవులు మన దగ్గరికి మెట్లు. సుబాబుల్ మీద తేనె బంక కార్చే చిన్న సిల్లిడ్ పురుగు మధ్య అమెరికాది. 1984లో హవాయి, 1985లో ఫిలిప్పీన్స్, 1986లో ఇండోనేషియా, 1988లో మన దేశం. మెట్టు మెట్టు ఎక్కి వచ్చింది. బొప్పాయి పిండినల్లి కూడా అంతే. కరీబియన్ నుంచి గువామ్, పలావు, హవాయి దాటి 2008లో ఇండోనేషియాలోనూ కోయంబత్తూరులోనూ తేలింది. దీవుల్లోనే వాటిని ఆపగలిగి ఉంటే మనకు ఇంకొంత వ్యవధి దొరికేది.

మన నల్ల తామర పురుగును మర్చిపోయారా? ఆగ్నేయాసియాది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించినప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2021లో మిర్చి పూతలో చేరింది. నర్సంపేటలో మీరు చూసే ఉంటారు, పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులిపితే నల్లని చుక్కలు గబగబా పరుగెత్తేవి. కొట్టిన మందు మీద మందు కొట్టారు, దాన్ని తినే మంచి పురుగులు ముందు చచ్చాయి, అది మాత్రం పువ్వు లోపల చల్లగా ఉంది. ఆ ఏడు తోటలకు తోటలు పీకేశారు. ఎనుమాముల యార్డులో ధర పలికినా తేవడానికి బస్తా లేని రైతులను నేను చూశాను. పొలంలోనే ఇంత అయితే, మందు కొట్టేవాడే లేని అడవిలో ఎలా ఉంటుందో ఊహించండి.

అదే రోజుల్లో మన యాప చెట్లు కూడా కొసల నుంచి ఎండిపోయాయి. నాకు రోజూ ఫోన్లు, "యాప జాతే పోతదా సార్" అని. పోదని చెప్పాను. ఫోమాప్సిస్ అనే పాత శిలీంధ్రం, దానికి తోడు తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు. మా వీధిలో చెట్లు చాలామటుకు మళ్లీ చిగురించాయి. యాపకు ఇది తెలిసిన జబ్బే, పైగా యాప దేశమంతా ఉంది. బెర్ముడా దీవి దేవదారుకు ఆ అదృష్టం లేదు. 1940ల్లో రెండు రకాల పొలుసు పురుగులు దిగితే పదేళ్లు తిరిగేసరికి నూటికి 95 చెట్లు పోయాయి. తెచ్చి నాటుదామంటే అది సహజంగా ప్రపంచంలో ఇంకెక్కడా పెరగదు.

ఒకసారి దిగాక చేయగలిగింది తక్కువ. విమానంతో మందు చల్లితే అడవిలో తేనెటీగ నుంచి కప్ప దాకా పోతాయి. మిగిలిన దారి ఆ పురుగు సొంత ఊరికి పోయి దాని శత్రువును వెతికి తేవడం. విలివిలికి అలాగే టాంజానియాలో ఇంకో కందిరీగను పట్టుకున్నారు. అది వేరే పురుగుల జోలికి పోదని తేల్చుకోవడానికే మూడేళ్లు పట్టింది, 2008 నవంబర్‌లో వదిలారు. పెద్ద చెట్లు నిలబడ్డాయి. సెయింట్ హెలెనా దీవిలో గమ్‌వుడ్ అనే వాళ్ల జాతీయ వృక్షం రెండు వేలే మిగిలిన రోజుల్లో పిండినల్లి లాంటి పురుగు పట్టింది. 1993లో ఆఫ్రికా నుంచి ఒక అక్షింతల పురుగును తెచ్చి వదిలితే ఆ చెట్టు దక్కింది. కానీ ఇది తొందరపడి చేసే పని కాదు. ఎలుకలను తింటుందని హవాయి చెరకు రైతులు 1883లో ముంగిసలను తెచ్చారు. అవి ఎలుకలను వదిలి పక్షి గుడ్ల మీద పడ్డాయి. ఓహియా శిలీంధ్రానికైతే అలాంటి శత్రువు కూడా దొరకలేదు. జబ్బు చెట్టును కొట్టేయడం, పందులు రాకుండా కంచె, బూట్లకు స్పిరిట్, అంతే ఉన్నది.

ఇక కరివేపాకు. అమెరికా పోయే ప్రతి తల్లి సూట్‌కేసులో చీర మడతల మధ్య అది ఉంటుందని అక్కడి విమానాశ్రయంలో వాళ్లకు తెలుసు. కరివేపాకు, నిమ్మ, బత్తాయి ఒకే కుటుంబం. చిగురు మీద ఆసియా నిమ్మ సిల్లిడ్ అనే పురుగు ఆవగింజంత కూడా లేని పసుపు గుడ్లు పెడుతుంది. ఆ పురుగే బత్తాయికి పచ్చ తెగులు మోసేది. మన నల్లగొండ తోటల్లో ఉన్నదే. 1998లో ఫ్లోరిడాలో ఆ పురుగు, 2005లో ఆ తెగులు బయటపడ్డాయి, అక్కడి నారింజ తోటలు ఇప్పటికీ కోలుకోలేదు. హవాయికి పురుగు 2006లో చేరింది. మీ రెబ్బలో గుడ్లు ఉన్నాయో లేదో మీకూ కనిపించదు, వాళ్లకూ కనిపించదు. అందుకే పచ్చి ఆకు తీసుకుంటారు, దాచిపెడితే జరిమానా కూడా. పూజకు మామిడాకులైనా అంతే. వదినమ్మతో కరివేపాకు వేయించి కారప్పొడి దంచించుకోండి, అది కూడా దాచకుండా ఫారంలో రాయండి. మామిడి అంటు మట్టితో సహా బతికిన మొక్క, దాని గురించి పైనే చెప్పాను.

దిగాక ఇంకో ప్రశ్న అడుగుతారు, పొలంలో గానీ పశువుల దగ్గర గానీ తిరిగారా అని. భయపడి లేదనకండి, తిరిగానని చెప్పండి. బూట్లు చూపించమంటారు. బయల్దేరే ముందు రోజు సర్ఫు నీళ్లలో నానబెట్టి, అడుగు గాళ్లలో ఇరుక్కున్న పెంట మట్టిని పాత టూత్ బ్రష్‌తో తీసేసి, ఎండలో బాగా ఆరబెట్టుకోండి. కొత్తవి కొనక్కర్లేదు.